చిన్న వ్యాపారానికి సైబర్‌ కన్నం

* తాళం గోదాముకే.. కంప్యూటరుకు కరవు
* పాత సాఫ్ట్‌వేర్‌, అందరికీ తెలిసిన పాస్‌వర్డుతో ముప్పు
* ఖర్చు లేని జాగ్రత్తలతోనే చాలావరకు రక్షణ

గుంటూరు: మిర్చి యార్డులో కాటా వేసిన టిక్కీ మొదలు శీతల గిడ్డంగికి చేరిన సరకు వరకు నేడు ప్రతి లెక్కా కంప్యూటరులోనే నమోదవుతోంది. కమీషన్‌ వ్యాపారి రైతుకు ఇచ్చే పట్టీ, గిడ్డంగి బాండుపై బ్యాంకు మంజూరు చేసే రుణం, ఎగుమతిదారు విదేశానికి పంపే ఇన్‌వాయిస్‌, జిన్నింగు మిల్లు నుంచి బయలుదేరే లారీకి ఈ-వే బిల్లు.. అన్నీ తెరపైనే సిద్ధమవుతున్నాయి. ఒకప్పుడు గుమస్తా రాసిన చిట్టాకు ఇనప్పెట్టె కాపలా ఉండేది. ఇప్పుడు ఆ చిట్టా కంప్యూటరులోకి చేరింది గానీ కాపలా మాత్రం దాని వెంట రాలేదు. గోదాముకు రెండు తాళాలు వేసి, రాత్రి కాపలాదారును నియమించుకునే యజమాని సైతం లెక్కల కంప్యూటరుకు దుకాణం పేరునే పాస్‌వర్డుగా పెట్టుకుంటున్న పరిస్థితి సర్వత్రా కనిపిస్తోంది.

'మా దగ్గర దోచుకోవడానికి ఏముంది?' అన్నది చిన్న వ్యాపారుల్లో సాధారణంగా వినిపించే మాట. ఈ ధీమాయే దొంగలకు వరమవుతోంది. సైబర్‌ నేరగాడు ఊరూ పేరూ చూసి దాడి చేయడు. తాళం వేయని తలుపు ఎక్కడుందో వెతికే పనిని యంత్రాలకు అప్పగిస్తాడు. అవి అంతర్జాలంలోని కంప్యూటర్లను రేయింబవళ్లు తట్టి చూస్తుంటాయి. పెద్ద సంస్థలకు ప్రత్యేక భద్రతా విభాగాలు ఉంటాయి. చిన్న సంస్థల్లో లెక్కలు రాసే ఉద్యోగే కంప్యూటరు నిపుణుడు, బ్యాంకు వ్యవహారాల బాధ్యుడు కూడా. కన్నం వేయడానికి ఇంతకంటే సులువైన గోడ ఉండదు.

జిల్లాకు కొత్త కాదు

ఈ ముప్పు రుచి జిల్లాకు ఇదివరకే తెలుసు. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే వైరస్‌ సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టాలని తెరపై హెచ్చరిక చూపడం దాని పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖకు చెందిన కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. అప్పుడు ప్రభావితమైన జిల్లాల్లో చిత్తూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళంతో పాటు గుంటూరు కూడా ఉంది. గమనించదగ్గ విషయమేమిటంటే, ఆ వైరస్‌ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్‌ సంస్థ రెండు నెలల ముందే, అంటే 2017 మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. దాన్ని సకాలంలో వేసుకున్న కంప్యూటర్లకు ఆ దారిన వైరస్‌ సోకలేదు. వేసుకోనివి చిక్కుకున్నాయి.

నాటి పాఠం నేటికీ వర్తిస్తుంది. విండోస్‌ 7కు భద్రతా మద్దతు 2020 జనవరిలో, విండోస్‌ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. అదనపు భద్రతా పథకంలో చేరని పాత యంత్రాలకు కొత్త మరమ్మతులు అందవు. 'నడుస్తోంది కదా' అని వాటినే నమ్ముకున్న కార్యాలయాల్లో బయటపడే ప్రతి కొత్త లోపమూ పూడ్చని గొయ్యిగానే మిగిలిపోతుంది. నకిలీ సాఫ్ట్‌వేర్‌ వాడేవారి పరిస్థితి మరీ దయనీయం. మిగిలిందనుకున్న కొద్ది వేల వెంట వైరస్‌ కూడా ఉచితంగా వస్తోంది.

రెండు క్లిక్కులు.. రూ.12 కోట్లు

ఒక చిన్న నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్‌ సహకార అర్బన్‌ బ్యాంకు ఉదంతం చాటింది. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం నేరగాళ్లు 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపూరిత ఈ-మెయిళ్లు పంపారు. ఇద్దరు వాటిని తెరిచారు. ఆ దారిన లోపలికి చొరబడిన ముఠా వారాల తరబడి మాటువేసి, వారాంతంలో సుమారు రూ.12.48 కోట్లను బయటి ఖాతాలకు మళ్లించింది. భద్రతా నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ సంస్థకు రూ.65 లక్షల జరిమానా విధించింది. సొమ్ము పోగొట్టుకున్నవారే శిక్షకూ గురయ్యారన్నమాట.

తప్పు తమది కాకపోయినా నష్టం తప్పని సందర్భాలూ ఉన్నాయి. 2024 జులై 31న సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్‌ సంస్థపై దాడి జరగడంతో సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపు సేవలు నిలిచిపోయాయి. ముప్పు వ్యాపించకుండా జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఆ సంస్థను తన వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేయాల్సి వచ్చింది. మన పద్దులు మనం ఎంత భద్రంగా ఉంచుకున్నా, వాటిని చూసే మూడో వ్యక్తి తలుపు తెరిచి ఉంటే ఫలితం ఒక్కటే. పట్టణాల్లోని ఆడిటర్‌ కార్యాలయాలకు ఈ మాట చక్కగా వర్తిస్తుంది. పదుల సంఖ్యలో వ్యాపారుల జీఎస్టీ, ఆదాయ పన్ను పాస్‌వర్డులు ఒకే కంప్యూటరులో, ఒకే ఎక్సెల్‌ పట్టికలో ఉంటే, ఆ ఒక్క పట్టిక చేజారితే ఒక వీధి మొత్తం చేజారినట్లే.

అక్షరం మారితే ఖాతా మారుతుంది

ఎగుమతిదారులను వెంటాడుతున్నది మరో రకం మోసం. నేరగాడు ముందుగా ఈ-మెయిల్‌ ఉత్తరప్రత్యుత్తరాల్లోకి తొంగిచూస్తాడు. సరకు ఓడ ఎక్కే సమయానికి, అమ్మకందారు పేరుతోనే కొనుగోలుదారుకు 'మా బ్యాంకు ఖాతా మారింది' అని లేఖ పంపుతాడు. 2015లో ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ ఇలాగే దాదాపు రూ.197 కోట్ల మేర మోసపోయినట్లు అప్పట్లో వెలుగుచూసింది. సంస్థ చిరునామాలోని రెండు అక్షరాలను తారుమారు చేసిన మెయిల్‌తో విదేశీ కొనుగోలుదారును నమ్మించారు. అంత పెద్ద సంస్థకే కన్ను చెదిరినప్పుడు, మిర్చి, పొగాకు, రొయ్యల ఎగుమతిలో ఉన్న చిన్న సంస్థలు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. ఖాతా మార్పు గురించి ఏ లేఖ వచ్చినా, అందులో ఉన్న నంబరుకు కాకుండా తమ వద్ద పాతకాలం నుంచి ఉన్న నంబరుకు ఫోన్‌ చేసి నిర్ధారించుకోవడమే దీనికి విరుగుడు. ఆ ఫోన్‌కు పట్టేది రెండు నిమిషాలే.

గల్లాపెట్టె పక్కనే వల

కిరాణా, మందుల, వస్త్ర దుకాణాలకు పొంచి ఉన్న ప్రమాదం వేరు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో కొందరు రాత్రివేళ పలు దుకాణాలు, పెట్రోలు బంకు వద్ద ఉన్న క్యూఆర్‌ కోడ్‌లపై తమ కోడ్‌లు అంటించి పోయారు. ఖాతాదారు పేరు వేరేగా వస్తోందని కొనుగోలుదారులు చెప్పేదాకా యజమానులకు తెలియలేదు. రోజూ దుకాణం తెరవగానే కోడ్‌ను ఒకసారి స్కాన్‌ చేసి పేరు సరిచూసుకోవడం, కోడ్‌ను లోపల అద్దం కింద ఉంచడం, సౌండ్‌ బాక్సు పలికాకే సరకు ఇవ్వడం అలవాటు కావాలి. కొనుగోలుదారు చూపే ఫోన్‌ తెర రసీదు కాదు. తన ఖాతాలో జమ అయినదే లెక్క.

డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్‌ అవసరం లేదన్న ప్రాథమిక విషయం ఇంకా అందరికీ చేరలేదు. మోసాలను అరికట్టేందుకు వ్యక్తుల మధ్య 'డబ్బు పంపండి' అని కోరే సదుపాయాన్ని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసింది. నేరగాళ్లు మాత్రం వాట్సాప్‌లో వాహన చలానా, ప్రభుత్వ పథకం, బ్యాంకు కేవైసీ పేరుతో 'ఏపీకే' ఫైళ్లు పంపడం మొదలుపెట్టారు. దాన్ని ఫోన్‌లో వేసుకుని అడిగిన అనుమతులన్నీ ఇస్తే సంక్షిప్త సందేశాలు, వాటిలోని ఓటీపీలు అవతలివారి చేతికి వెళతాయి. ఉద్యం రిజిస్ట్రేషన్‌ చేయిస్తామంటూ రుసుము గుంజే నకిలీ వెబ్‌సైట్లదీ ఇదే కోవ. ప్రభుత్వ పోర్టల్‌లో ఆ నమోదు పూర్తిగా ఉచితం.

చేయాల్సినవి ఇవీ

భద్రత అనగానే లక్షల ఖర్చన్న భయం అక్కర్లేదు. చాలా జాగ్రత్తలకు కావలసింది పట్టుదలే.

* లెక్కలకు మూడు ప్రతులు ఉండాలి. ఒకటి కంప్యూటరులో, రెండోది విడిగా తీసి భద్రపరిచే హార్డ్‌ డిస్కులో, మూడోది వేరేచోట లేదా క్లౌడ్‌లో. డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచితే వైరస్‌ దానికీ తాళం వేస్తుంది. నెలకోసారి ఆ ప్రతిని తెరిచి, లెక్కలు సరిగా వస్తున్నాయో లేదో చూసుకోవాలి.
* ఈ-మెయిల్‌, బ్యాంకు, జీఎస్టీ ఖాతాలకు వేర్వేరు పెద్ద పాస్‌వర్డులు, వాటికి తోడు రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్‌ 1 నుంచి ఇది అందరికీ తప్పనిసరి అయింది. ఓటీపీ వచ్చే నంబరు యజమానిదేనా, మానేసిన గుమస్తాదా అన్నది చూసుకోవాలి.
* బ్యాంకు లావాదేవీలకు ఒక కంప్యూటరును ప్రత్యేకించాలి. దానిలో సినిమాలు, ఆటలు, ఇతరుల పెన్‌డ్రైవులు నిషిద్ధం. చెల్లింపును ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించే పద్ధతిని బ్యాంకును అడిగి పెట్టించుకోవాలి.
* ఇంటి నుంచి లెక్కలు చూసుకోవడానికి పెట్టుకున్న రిమోట్‌ సదుపాయం దొంగలకు రాజమార్గం. అవసరం లేనప్పుడు మూసేయాలి. మరమ్మతు పేరుతో ఎవరో ఫోన్‌ చేసి ఎనీడెస్క్‌ వంటివి వేసుకోమంటే నిరాకరించాలి.
* సీసీ కెమెరాలు, వైఫై పరికరాలకు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి.
* ఫోన్‌కు ఉన్నట్టుండి సిగ్నల్‌ పోయి, పక్కవారికి వస్తుంటే వెంటనే సిమ్‌ సంస్థను, బ్యాంకును సంప్రదించాలి. నకిలీ సిమ్‌ తీసుకున్నారన్న అనుమానానికి అదే తొలి సూచన.

ఆలస్యం అమృతం విషం

సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్‌ చేయాలి. జాతీయ సైబర్‌ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి పదుల ఖాతాలకు చెదిరిపోయేలోగా నిలిపివేయడమే ఈ ఏర్పాటు లక్ష్యం. పరువు పోతుందని దాచిపెట్టినంతసేపూ నేరగాడికి సమయం చిక్కుతుంది. భారత కంప్యూటరు అత్యవసర స్పందన బృందం 'సెర్ట్‌-ఇన్‌' 2022 ఏప్రిల్‌ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్‌ దాడిని గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి ఇవి వర్తించాయి. ఖాతాదారుల వివరాల రక్షణకు 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, భద్రతా చర్యల్లో వైఫల్యానికి రూ.250 కోట్ల వరకు జరిమానాకు అవకాశమిస్తోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమల్లోకి వచ్చే ఈ చట్టం, వినియోగదారుల ఫోన్‌ నంబర్ల పుస్తకం పెట్టుకునే దుకాణానికి సైతం బాధ్యతను గుర్తుచేస్తోంది.

భారం ఒక్కరిదేనా?

బాధ్యత అంతా వ్యాపారిపైకి నెట్టేయడం న్యాయం కాదు. దొంగసొమ్ము అని తెలియక యూపీఐ ద్వారా కొద్ది మొత్తం స్వీకరించిన దుకాణదారు ఖాతా మొత్తం స్తంభించిన సందర్భాలు దేశవ్యాప్తంగా ఉన్నాయి. వివాదంలో ఉన్న మొత్తం వరకే నిలుపుదల పరిమితం కావాలని కేరళ హైకోర్టు 2023లో స్పష్టం చేసింది. కరెంటు ఖాతా కదలకపోతే కూలీలకు వారం జీతం ఆగుతుంది. సరకు తెచ్చిన రైతుకు పట్టీ సొమ్ము ఆగుతుంది. ఫిర్యాదు చేసేవారికీ, అన్యాయంగా చిక్కుకున్నవారికీ బ్యాంకు శాఖ స్థాయిలోనే సమాధానం దొరికే ఏర్పాటు అవసరం.

మార్కెట్‌ కమిటీలు, వర్తక సంఘాలు, శీతల గిడ్డంగుల యజమానులు కలిసి సీజనుకు ముందే గుమస్తాలకు ఒకపూట శిక్షణ ఇప్పించవచ్చు. అగ్నిమాపక పరికరాలు ఉన్నాయా అని తనిఖీ చేసినట్లే, లెక్కల నకలు ప్రతి ఉందా అని గిడ్డంగిలో సరకు ఉంచే రైతు సంఘాలు అడగవచ్చు. బ్రిటన్‌లో 158 ఏళ్ల చరిత్ర గల కేఎన్‌పీ రవాణా సంస్థ 2023లో ఇలాంటి దాడి అనంతరం మూతపడి, సుమారు 700 మంది ఉపాధి కోల్పోయారు. ఒక ఉద్యోగి బలహీనమైన పాస్‌వర్డే దానికి దారితీసిందని భావిస్తున్నారు. గిడ్డంగి తెరపై లెక్క చెరిగిపోతే ఏ టిక్కీ ఎవరిదో తేలేదాకా సరకు కదలదు, బాండుపై రుణం తీరదు. వడ్డీ మాత్రం ఆగదు. ఆ నష్టం యజమాని గడప దాటి, పల్లెలోని రైతు ఇంటిదాకా వెళుతుంది. ఈ ముప్పును కంప్యూటరు గదికి పరిమితమైన వ్యవహారంగా కాక, పంట సొమ్ము భద్రతగా గుర్తించాల్సిన తరుణమిది.