నీచు వాసన ఎవరి ముక్కుది?

ఆర్నెల్ల క్రితం నా రక్తపరీక్ష ఫలితాలు చూసిన డాక్టరు ట్రైగ్లిజరైడ్లు హద్దు దాటాయన్నారు. ఒమేగా-3 క్యాప్సూళ్లు రాసి, ‘మీరు చేపలు తింటారా?’ అని అడిగారు. తింటానని చెప్పేటప్పుడు నా గొంతు తగ్గింది. గదిలో ఉన్నది మేమిద్దరమే. నాకు నలభై ఏడేళ్లు. ఇరవై ఏళ్లుగా విశ్వవిద్యాలయంలో కులం గురించి పాఠం చెబుతున్నాను. అయినా తగ్గింది. ఇంటికి వచ్చి క్యాప్సూళ్ల డబ్బా మీది చిన్న అక్షరాలు చదివితే, లోపల ఉన్నది నెత్తళ్లు, కవళ్ల జాతి చేపల నుంచి తీసిన నూనె అని ఉంది. భీమిలి అవతల మా ఊరి ఇసుక మీద ఆ చేపలనే గంపకెత్తుకుని, ఊళ్లు తిరిగి అమ్మి, మా అమ్మ నన్ను చదివించింది. గంప దిగితే తప్ప బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. గంప దింపి ఎక్కడికి వెళుతుంది? నడిచేది.

డాక్టరు రాసిన మందు మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నా ప్రశ్న వేరు. ఒక కులం వంటింట్లో ఉన్నంతకాలం ‘కంపు’ అయిన పదార్థం, మందుల దుకాణంలో గాజుబిళ్లలా మెరిసే గుళికగా మారగానే ఆరోగ్యం ఎట్లా అయింది?

ముందు శాస్త్రం సంగతి. చేపలన్నీ ఒకటి కావు. కొన్ని చేపలకు కొవ్వు కాలేయంలోనే ఉంటుంది, కండ తెల్లగా, పొడిగా ఉంటుంది. కవళ్లు, కానాగడతలు, నెత్తళ్లు, పులస వంటివాటికి కొవ్వు ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది. ఆ కొవ్వులో ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఆమ్లాలు ఉంటాయి. గుండె రక్తనాళాలకు, గర్భంలోని శిశువు మెదడుకు, కంటికి అవి కావాలి. అవిసె గింజల్లోనూ ఒమేగా-3 ఉందని మనకు తరచూ చెబుతుంటారు. ఉన్న మాట నిజమే. కానీ అది వేరే రూపం, దాన్ని ఇ.పి.ఎ.గా, డి.హెచ్.ఎ.గా మార్చుకోగల శక్తి మన శరీరానికి చాలా తక్కువ. ఎండ మొహం చూడని ఉద్యోగాల కాలంలో అందరూ వెతుక్కుంటున్న విటమిన్ డి కూడా ఈ చేపల్లోనే దండిగా ఉంది. 1970లలో బాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు గ్రీన్‌లాండ్ ఇన్యూట్ ప్రజల ఆహారాన్ని పరిశీలించినప్పటి నుంచి ఈ చర్చ సాగుతోంది. వారి నిర్ధారణలపై తర్వాత ప్రశ్నలు వచ్చాయి, రావాలి కూడా. అయినా వారానికి రెండుసార్లు చేప తినమని, అందులో కొవ్వు చేప ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇవాళ్టికీ చెబుతోంది. మరోవైపు, దాదాపు 26 వేల మంది మీద జరిపి 2018లో ప్రకటించిన ‘వైటల్’ అనే పెద్ద పరీక్షలో, సాధారణ ఆరోగ్యవంతులకు రోజూ గుళిక ఇచ్చినా గుండెజబ్బులు, పక్షవాతం వంటివి మొత్తంమీద చెప్పుకోదగినంతగా తగ్గలేదు. చేప వేరు, చేప నుంచి పిండిన సారం వేరు. చేపతోపాటు మాంసకృత్తులు వస్తాయి, నెత్తళ్లను ముల్లుతో సహా నమిలితే కాల్షియం వస్తుంది. పైగా సొర వంటి పెద్ద వేటచేపల్లో పేరుకునే పాదరసం ఈ చిన్న చేపల్లో తక్కువ.

ఇంత మేలు చేసే చేప సముద్రపు చేపల్లో అతి చవకైనది. వాడబలిజ, జాలరి, పల్లి, పట్టపు, అగ్నికులక్షత్రియుల ఇళ్లలో ఇది దినభత్యం. ప్రభుత్వం వీరందరినీ బి.సి.-ఎ జాబితాలో పెట్టింది. ఆ ఇళ్లలో పోషకాహార శాస్త్రం చదివినవారు లేరు, వంట తెలిసినవారు ఉన్నారు.

ఆ వంట గురించి కొంత చెప్పాలి. నా విద్యార్థుల్లో చాలామందికి చేప అంటే హోటల్లో దొరికే ‘అపోలో ఫిష్’ మాత్రమే. మా అమ్మ కవళ్లను గరుకు రాతి మీద బూడిదతో రుద్ది పొలుసు తీసేది. తల తుంచి, పేగు లాగి, ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్లలో కడిగేది. మట్టి దాకలో ఒక్క గరిటె నూనె, నాలుగు మెంతులు, నూరిన ఉల్లిపాయ, ధనియాలు, కారం. చింతపండు పులుసు తెర్లిన తర్వాతే చేపలు పడేవి. పడ్డాక గరిటె పెట్టకూడదు, చితికిపోతాయి. దాకను గుడ్డతో రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. పావుగంట సన్నని మంట మీద ఉంచితే, పోసిన నూనెకు రెట్టింపు నూనె పైకి తేలుతుంది. అది చేపది. డాక్టరు గుళికలో నాకు రాసిచ్చింది ఆ తేటనే. పులుసులో కరిగినది అన్నంతోపాటు లోపలికి వెళుతుంది, వృథా పోయేది లేదు. అదే చేపను సలసల కాగే నూనెలో ముంచి వేయిస్తే దాని కొవ్వు కొంత బాణలిలోకి పోయి, బాణలి నూనె చేపలోకి వస్తుంది. ఇక ఎండుచేప. అది మా వానాకాలపు ఆధారం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అందులో ఉప్పు ఎక్కువ, రక్తపోటు ఉన్నవారు చూసుకుని తినాలి. ఒక జాగ్రత్త మాత్రం అందరికీ: కొవ్వు చేప త్వరగా పాడవుతుంది. ఐసు లేకుండా ఎండలో గంటలు గడిపిన కానాగడతలో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. ఎంతసేపు ఉడికించినా అది పోదు. తీరానికి పాతిక మైళ్లు దాటాక ఈ చేప పేదవాడికి మంచి స్థితిలో ఎందుకు అందదో ఇక్కడే ఉంది జవాబు. ఐసుపెట్టెలు ముందుగా చేరేది ఎగుమతి సరుకుకు.

వడ్డన గురించి రాయకుండా ఈ మాట ముగిస్తే నేను అబద్ధమాడినవాణ్నవుతాను. కవళ్లను ముక్కలు చెయ్యరు, లెక్కపెడతారు. మా ఇంట్లో నాన్న పళ్లెంలో ఐదు, నా పళ్లెంలో నాలుగు, అక్క పళ్లెంలో రెండు. అమ్మ అందరి తర్వాత, దాక అడుగున మిగిలిన పులుసుతో తినేది. డి.హెచ్.ఎ. అందరికంటే ఎక్కువ అవసరమైనది గర్భిణికీ పాలిచ్చే తల్లికీ అని నేను చదివేనాటికి అమ్మ నలుగురిని కని, ఒకరిని పోగొట్టుకుని ఉంది. గంప మోసింది ఆమె, పొలుసు తీసింది ఆమె, చేతులకు పట్టిన వాసన కడిగినా వదలక పెళ్లిళ్లలో వెనక వరుసలో కూర్చున్నదీ ఆమే. మా కులానికి జరిగిన అవమానం గురించి సభల్లో గట్టిగా మాట్లాడే మా మగవాళ్లం ఈ నాలుగు చేపల లెక్క గురించి మాట్లాడం. ఆ నాలుగూ తిన్నవాణ్ని నేను.

ఇప్పుడు వాసన. ‘నీచు’ అనే మాట మాంసానికీ చేపకూ, వాటి వాసనకూ కూడా చెల్లుతుంది. ‘నీచం’ అనే మాటతో దానికి వ్యుత్పత్తిలో బంధుత్వం ఉందో లేదో నిఘంటుకారులు తేల్చవచ్చు. బడిలో వెనక బల్ల మీద కూర్చున్న పిల్లవాడి చెవికి మాత్రం రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి.

ఈ వాసన శాకాహార నియమం వల్ల పుట్టిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. బెంగాల్, మిథిల బ్రాహ్మణులు చేప తింటారు, గోవా సారస్వతులు తింటారు. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా మాంసాహారులే. దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం ఆ సర్వేలో లేదు. ఆ రాష్ట్ర రాజధానిలోనే ‘శాకాహారులకు మాత్రమే’ అనే అద్దె బోర్డులు వీధివీధినా ఉన్నాయి. నేను హైదరాబాద్ వచ్చిన కొత్తలో అద్దెకిచ్చిన యజమాని స్వయంగా ఆదివారం మేకమాంసం తినేవారు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి కవళ్ల పులుసు పెట్టిన సాయంత్రం ఆయన తలుపు తట్టి, ‘మాంసం వండుకోండి మాస్టారూ, మాకేం అభ్యంతరం లేదు, ఇది మాత్రం వద్దు’ అన్నారు. నేను సరేనన్నాను. ఆ తర్వాత అమ్మ మా ఇంటికి చేప తేలేదు. తొమ్మిదేళ్లు.

ఇదే వాసనకు ధర పలికితే ఏమవుతుందో గోదావరి తీరంలో చూడండి. పులస, కవళ్లు దగ్గరి చుట్టాలు. రెండూ కొవ్వు చేపలే. పులసకు ముళ్లు ఇంకా ఎక్కువ, వాసనా తక్కువేమీ కాదు. వరద నీటికి ఎదురీది వచ్చిన ఆ చేప వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. నాయకుల ఇళ్లకు కానుకగా వెళుతుంది, ఏ అపార్ట్‌మెంటు సంఘమూ దాన్ని గేటు దగ్గర ఆపదు. అంటే ముక్కుకు ముందు చేప ఎవరిదో తెలియాలి, తర్వాతే అది వాసన చూస్తుంది. నగర మధ్యతరగతికి నచ్చిన మరో చేప తల, తోలు, ముల్లు, వాసన నాలుగూ వదిలేసి, పిండి పూసుకుని నూనెలో వేగి వస్తుంది. పుట్టుక మరిచిపోతేనే దానికి బల్ల మీద చోటు.

మన విశ్వవిద్యాలయాల్లో ఆహారం మీద పోరాటం జరగలేదా? జరిగింది. 2012లో ఉస్మానియాలో జరిగిన పెద్దకూర పండుగ ఈ దేశపు ఆహార చర్చను మార్చింది, దానికి దెబ్బలు తిన్న విద్యార్థులకు నాబోటివాళ్లం రుణపడి ఉన్నాం. పెద్దకూర మీద నిషేధం బహిరంగం, కాబట్టి ప్రతిఘటన కూడా బహిరంగమైంది. చేపను ఎవరూ నిషేధించలేదు. ముక్కు మూసుకున్నారు, అంతే. ముక్కు మూసుకోవడానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీయడం కష్టం. మత్స్యకార కులాల నుంచి వచ్చిన చదువరులం మేమూ ఆ కష్టానికి పూనుకోక, గొంతు తగ్గించుకోవడం నేర్చుకున్నాం.

గుడ్డు పెట్టడానికే భయపడిన ప్రభుత్వాలున్న దేశం ఇది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టేది లేదన్నారు. తెలుగు రాష్ట్రాలు బడిలో గుడ్డు పెడుతున్నాయి, అందుకు మెచ్చుకోవాలి. తీరప్రాంతపు బడుల్లోనైనా, వసతిగృహాల్లోనైనా వారానికి ఒక పూట కవళ్ల పులుసు ఎందుకు ఉండకూడదు? ముల్లు గుచ్చుకుంటుందంటారు. చిన్న పిల్లలకు ముల్లు తీసి పెట్టే పని తెలిసిన ఆడవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లకు జీతమిచ్చి పెట్టించవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అది ఎక్కువగా వేసవి సెలవుల కాలమే. ఇక సరఫరా. తూర్పు, పడమర తీరాలు రెండింటిలోనూ కవళ్లు లారీలకెక్కి చేపపిండి కర్మాగారాలకు పోతున్నాయి. ఆ పిండి రొయ్యల మేతలో కలుస్తుంది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటిది ఆంధ్రప్రదేశ్, వాటిలో అధికభాగం విదేశాలకు వెళతాయి. మా పిల్లలు తినవలసిన చేపను రొయ్యకు పెట్టి, ఆ రొయ్యను అమెరికాకు పంపి, వచ్చిన డాలర్లతో చేపనూనె గుళికలు కొనుక్కుంటున్నామా అని నా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. ఆర్థికశాస్త్ర విభాగంలో అడగమన్నాను. అక్కడా జవాబు దొరకలేదట.

ప్రస్తుతం మా ఇంట్లో ఆదివారం కిటికీలు తెరిచే వండుతున్నాం. పొలుసు తీసే పని నాది, నాకింకా సరిగా రాలేదు. వడ్డన మా అమ్మాయితో మొదలవుతుంది. పై అంతస్తు వారు ఒకసారి సంఘం కార్యదర్శికి ఫిర్యాదు చేశారు. రాతపూర్వకంగా ఇవ్వమన్నాను. ఇంతవరకు ఇవ్వలేదు.

మా విశ్వవిద్యాలయపు మెస్ కమిటీలో ఈ ఏడాది నేను సభ్యుణ్ని. వచ్చే నెల సమావేశానికి ఒక ప్రతిపాదన పంపాను. టైపు చేసిన గుమాస్తా దాన్ని ‘వారానికి ఒకసారి సముద్రపు ఆహారం’ అని మార్చి తెచ్చాడు, అట్లా అయితే సభ్యులు ఒప్పుకుంటారని మంచి మనసుతోనే చెప్పాడు. దాన్ని కొట్టివేసి ‘కవళ్ల పులుసు’ అని రాసి సంతకం పెట్టాను.