పిడికెడు బియ్యము, పొరుగువాని ఆకలి

సంఘము పేదలకు సహాయము చేయవలెనా, వలదా యనునది ప్రశ్న కాదు. ఎవరికి, ఎట్లు, ఏ మనస్సుతో చేయవలెననునదియే ప్రశ్న. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని సంఘములు క్రిస్మసునాడు దుప్పట్లు పంచుట, అన్నము పెట్టుట మన మెరుగుదుము. అది మంచి పనియే. ఐనను ఏటికి ఒకటి రెండు దినములు మాత్రమే పొరుగువానిని తలచు సంఘము తన ధర్మమును నెరవేర్చినదని మేము తలంపజాలము.

ఇందుకు దృష్టాంతమును దూరదేశమునుండి తేనక్కరలేదు. డోర్నకల్ మన మానుకోట సీమలోనిదే. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, విదేశధనము నాశింపక, తమ చందాలతోనే ఈ ప్రాంతమునకు పనివారిని పంపిరి. వారిలో ప్రముఖులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది డోర్నకల్ ప్రథమ బిషప్పైరి. ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు వారే.

వారి కాలమున సంఘములలో చేరినవారిలో పెక్కుమంది ఊరివెలుపల నుంచబడిన కూలిజనులు. అట్టివారిని కానుక లడుగుట క్రూరమని కొందరు తలంపవచ్చును. ఇచ్చుట బీదవానికిని కర్తవ్యమేయని బిషప్పుగారు బోధించిరి. క్రైస్తవ దానమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసిరి. స్త్రీలు వంటకు గింజలు తీయునపుడెల్ల పిడికెడు వేరుగ నుంచి గుడికి తెచ్చుచుండిరి. కోతపండుగనాడు ధాన్యము, కోళ్లు కానుకలుగ వచ్చుచుండెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ మహాదేవాలయమును చూచువారు ఈ పిడికిళ్లనుకూడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఆ కానుకలలో అధికభాగము పనివారి పోషణకును గుడి యవసరములకును చెల్లెడిది. నాటి స్థితికి అది యుక్తమే. కాని పలుచోట్ల నేడు గుడి లేచినది, గోడకు రంగు పడినది, మైకు వచ్చినది. ఇకనైనను ఆ పిడికెడులో కొంత గోడ దాటి వెలుపలికి పోవలదా?

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లి మునిగినది. సైన్యపు హెలికాప్టర్లు రావలసివచ్చెను. 2024 సెప్టెంబరు 1న కేసముద్రము, ఇంటికన్నెల నడుమ రైలుకట్ట వరదకు కొట్టుకొనిపోయెను. వరద గుడియని, మసీదని, చర్చియని ఇండ్లను ఏరి ముంచదు. పరిహారము సర్కారు ఇచ్చును. కాని దానికి దినములు పట్టును. మొదటి రాత్రి పొయ్యి రాజవేయుట యెవరి పని? వరద వచ్చిన పిదప చందా పట్టీ వ్రాయ మొదలిడిన సంఘమునకు వారము గడచును. ఇంటింట కుండలో గింజలు ముందే కూడియున్న సంఘము ఆ సాయంకాలమే బయలుదేరును.

కావున మేము మూడు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, ప్రతి ఆదివారపు కానుకలో పదియవ వంతు పొరుగువారికని వేరుగ నుంచవలెను. రెండవది, ఎవరికి అవసరమో నిర్ణయించు కమిటీలో స్త్రీలుండవలెను. ఏ యింట పొయ్యి రాజలేదో వారికే ముందు తెలియును. మతము అడుగరాదు, ప్రసంగము విన్నచో బియ్యమిత్తుమనరాదు. మన దానమును ఎరయని శంకించువారికి ఇంతకు మించిన జవాబు లేదు. మూడవది, జమాఖర్చులు సంఘము ఎదుట చదువవలెను గాని పుచ్చుకొనినవారి పేర్లు చదువరాదు, వారి ఫొటోలు తీయరాదు.

ఈ కడపటి మాటను ఉపాధ్యాయులుగా మరింత గట్టిగ చెప్పుచున్నాము. బియ్యపు సంచి పట్టుకొని నిలిచిన తండ్రి ఫొటో ఫోనులో ఊరంతయు తిరిగిన మరునాడు ఆ బిడ్డ తరగతిలో తలయెత్తగలదా? కడుపు నింపి తల దించు దానము సగము దానమే. కుడిచేతి పని యెడమచేతికి తెలియరాదని ప్రభువు చెప్పినది ఇందులకే గదా!

మన సంఘమే బీదదను మాట మేమును వినుచున్నాము. మాసిదోనియ సంఘములవారు మిక్కిలి బీదలైయుండియు శక్తికి మించి ఇచ్చిరని పౌలు వ్రాసినది మనకు తెలియనిదా? వారు పుచ్చుకొనువారుగ మాత్రమే మిగులుటకు ఒప్పుకొనలేదు. ఒకనాడు ఊరు మనలను వెలుపల నుంచినది. నేడు ఆ యూరి ఆకలికి మన కుండ తెరచుటకంటె గౌరవమైన ప్రత్యుత్తరము వేరొకటి కలదా?

విద్యార్థులారా, మీ యింట నొక కుండ నుంచుమని అమ్మ నడుగుడు. తలిదండ్రులారా, అందులో పిడికెడు వేయు పని బిడ్డలకే అప్పగింపుడు. చిన్ననాట తెరవ నేర్చిన పిడికిలి పెద్దయైన పిదప సులభముగ మూసికొనదు.