ఓట్లు చీల్చినవాడు దోషియా?

ఎన్నికల ఫలితములు వెలువడిన మరునాడు రంగారెడ్డి జిల్లాలోని మా కొత్తూరు కూడలిలోని టీకొట్టు మొదలుకొని హైదరాబాదులోని పత్రికా కార్యాలయముల వరకు ఒక్కటే తీర్పు వినబడుచుండును: ఓడినవానిని ప్రజలు ఓడింపలేదు, నడుమ నిలిచిన మూడవవాడు ఓట్లు చీల్చి ఓడించెను. ఈ తీర్పు మనకు ఎంత సహజమైపోయినదనగా, నామినేషన్ల ఉపసంహరణకు గడువు ముగియునాడు పెద్దమనుషులు బలహీనుడైన అభ్యర్థి యింటికి పోయి, ఓట్లు చీల్చక తప్పుకొమ్మని ఒత్తిడి చేయుట ఒక ధర్మకార్యముగా చలామణి యగుచున్నది. ఈ అభిప్రాయము గణితదృష్టిచే అసత్యమనియు, ప్రజాస్వామ్యదృష్టిచే అన్యాయమనియు నా నిశ్చితాభిప్రాయము. దోషము పోటీకి నిలిచినవానిది కాదు, ఓట్లను లెక్కించు పద్ధతిది.

ఈ వాదమునకు మూలమున, ఓటు ఏదో ఒక పార్టీ సొత్తు అను భావన దాగియున్నది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 294 స్థానములలో 156 కాంగ్రెసుకు దక్కినవి. ఆ పార్టీకి వచ్చిన ఓట్లు మాత్రము నూటికి 37కు లోపే. తెలుగుదేశమునకు 28 శాతమునకు పైగా ఓట్లతో 92 స్థానములు, ప్రజారాజ్యమునకు 16 శాతమునకు పైగా ఓట్లతో 18 స్థానములు లభించినవి. చిరంజీవి పార్టీయైన ప్రజారాజ్యము ఓట్లు చీల్చినందుననే తెలుగుదేశము అధికారమునకు దూరమైనదని నాటినుండి నేటివరకు చెప్పుకొనుచునే యున్నారు. కాని, మీ అభ్యర్థి గెలువలేనిచో తరువాత ఎవరిని కోరుదురని ఆ 16 శాతము ఓటర్లను ఎవరైనను అడిగిరా? అడుగని ప్రశ్నకు తామే సమాధానము కల్పించుకొని, ఆ సమాధానమును సాక్ష్యముగా చూపి, ఒక అభ్యర్థిని దోషిగా నిలబెట్టుట ఏపాటి న్యాయము?

గణితము చెప్పునది మిక్కిలి సరళమైనది. విమానాశ్రయము వచ్చిన పిమ్మట భూముల ధరలు మారిపోయిన మా కొత్తూరు ప్రాంతమున, వేయిమంది ఓటర్లుగల ఒక వార్డును ఊహింతము. చెరువు శిఖము సరిహద్దులను పట్టింపక లేఅవుట్లకు అనుమతి యిప్పింతునను అభ్యర్థికి 400 ఓట్లు, చెరువును కాపాడుదుమను ఇరువురికి 330, 270 ఓట్లు వచ్చినవనుకొందము. చెరువు నిలువవలెనని కోరినవారు 600 మంది. వారిలో ప్రతియొక్కరును తమవాడు కాకున్న ఆ రెండవ చెరువు అభ్యర్థియే గెలువవలెనని కోరువారే. ఈ ముగ్గురిని ఇద్దరిద్దరిగా పోటీపెట్టినచో మొదటివాడు ఆ ఇరువురిలో ఎవరిచేతనైనను 600కు 400 తేడాతో ఓడిపోవును. అయినను మన పద్ధతిలో గెలుపు అతనిదే! అందరిచేతను ఓడదగినవానినే విజేతగా ప్రకటింపగల ఈ లోపమును ఫ్రాన్సు దేశపు బోర్డా 1770లోనే ఎత్తిచూపెను. 1785లో కొండోర్సే అభ్యర్థులను జంటలుగా పోల్చి చూచు మార్గమును శాస్త్రీయముగా నిరూపించెను. 270 ఓట్లు తెచ్చుకొన్నవాడు చేసిన నేరమేమి? అతడు ఒక్క ఓటరు మనస్సునైనను మార్చలేదు. ఓటరు మనస్సులోని రెండవ మాటను వినుటకు మన బ్యాలెట్టులో చోటు లేకపోయినది, అంతియే.

చోటు లేకపోవుటచేత ఆ పనిని నాయకులు తమ చేతిలోనికి తీసికొనుచున్నారు. ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీలనివ్వనని 2022లో ఇప్పటం సభలో జనసేన అధినేత పవన్ కల్యాణ్ ప్రకటించిరి. 2024లో జనసేన 21 శాసనసభా స్థానములలో పోటీచేసి అన్నింటను గెలిచినది. ఆయన వ్యూహము ఫలించినది, దానిని నేను తప్పుపట్టుట లేదు. కాని తక్కిన 154 నియోజకవర్గములలో ఆ పార్టీని అభిమానించు పౌరుడు తన మొదటి కోరికను నమోదు చేయుటకే అవకాశము లేకపోయినది. ఓటరు చేయవలసిన సర్దుబాటును సీట్ల సర్దుబాటు చేయుచున్నది.

ఓటరు రెండవ మాటకు బ్యాలెట్టులోనే చోటు కల్పింపవలెననుటకు పండితులు చెప్పు ఆక్షేపణ యొకటి కలదు. ముగ్గురు, అంతకుమించిన అభ్యర్థులున్నపుడు, న్యాయమైన నియమములన్నింటిని ఏకకాలమున తృప్తిపరచు క్రమనిర్ణయ పద్ధతి ఏదియు ఉండజాలదని 1951లో కెన్నెత్ ఆరో నిరూపించెను గదా, ఇక మార్పు ఎందులకని వారందురు. ఆరో సిద్ధాంతము సత్యమే. కాని సంపూర్ణారోగ్యము ఎవరికిని లేదను కారణమున జ్వరమునకు మందు వేయరాదనుట వైద్యమగునా? పద్ధతులన్నియు లోపభూయిష్ఠములైనంతమాత్రమున లోపములన్నియు సమానములు కావు. ప్రాధాన్యక్రమమున 1, 2, 3 అని వ్రాసి, అట్టడుగున నిలిచినవానిని తొలగించుచు అతని ఓట్లను తదుపరి ప్రాధాన్యమునకు బదిలీచేయు పద్ధతిలో, అందరికిని ఆమోదయోగ్యుడైన మధ్యేమార్గవాది ముందుగనే రాలిపోవు ప్రమాదము కలదని నేను ఒప్పుకొందును. అయితే ఓటర్లు తమ క్రమమును పూర్తిగా వ్రాసినచో, ప్రతివానిచేతను ఓడదగినవాడు అందు ఎన్నడును గెలువజాలడు. మన వార్డు ఎన్నికలకు ఆపాటి రక్షణయైనను లేదు.

సామాన్యులకు ఈ పద్ధతి అర్థము కాదనుట రెండవ ఆక్షేపణ. దీనికి సమాధానము మన చరిత్రలోనే యున్నది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో తెలుగువారైన వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి ప్రధాన ప్రత్యర్థులు, మూడవవాడు సి.డి. దేశ్‌ముఖ్. మొదటి లెక్కింపులో ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికిని సగము దాటలేదు. తక్కినవారి రెండవ ప్రాధాన్యములను బదిలీచేయగా సంజీవరెడ్డికి ఒక్కసారిగా 91,879 కలిసినవి, గిరికి 18,562 మాత్రమే కలిసినవి. తుదకు 4,20,077కు 4,05,427 తేడాతో గిరి గెలిచెను. దేశ్‌ముఖ్ నిలుచుటచేత సంజీవరెడ్డి ఓడెనని అనుటకు ఇక ఎవరికిని తావు లేదు. ఏలయన దేశ్‌ముఖ్ పక్షమువారి రెండవ మాట వినబడినది, లెక్కింపబడినది.

ఇది రాష్ట్రపతిని ఎన్నుకొను శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకే చెల్లునందురా? 2021 మార్చి 14న మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాదు పట్టభద్రుల శాసనమండలి ఎన్నికలో 93 మంది అభ్యర్థులు నిలిచిరి. మొదటి ప్రాధాన్యములతో ఎవరికిని సగమునకు మించిన ఓట్లు రాకపోగా, తొలగింపులు, బదిలీలు జరిగిన పిమ్మట సురభి వాణీదేవి ఎన్నికైరి. రంగారెడ్డి జిల్లాలోని కొత్తూరు పట్టభద్రులును ఆ బ్యాలెట్టు మీద అంకెలు వ్రాసినవారే. అదే ఏడాది ఏప్రిల్ 30న కొత్తూరు పురపాలక సంఘమునకు పోలింగు జరిగినపుడు వారికి ఒక్క గుర్తు పెట్టుటకు మాత్రమే అనుమతి లభించినది. మార్చిలో మూడు అంకెలు వ్రాయగలిగిన చేయి ఏప్రిల్‌లో వ్రాయలేకపోయెనా? చదువు రానివారి కొరకు అభ్యర్థుల గుర్తులు ఉండనే యున్నవి. ఒకటి, రెండు, మూడు అను అంకెలు నోట్లను లెక్కపెట్టుకొను ప్రతి కూలీకిని తెలిసినవే.

రాజ్యాంగములోని 243-జడ్‌ఏ అధికరణము పురపాలక ఎన్నికల విషయములన్నింటిపై చట్టము చేయు అధికారమును రాష్ట్ర శాసనసభకే యిచ్చినది. కావున తెలంగాణ శాసనసభ్యులకు నా విన్నపమిది: రాబోవు పురపాలక ఎన్నికలలో, కనీసము కొత్తూరువంటి చిన్న పట్టణములలోనైనను, ప్రాధాన్య ఓటును ప్రవేశపెట్టుడు. పాఠకులకు నా మాట యొక్కటే: ఇకమీదట ఎవడైనను ఓట్లు చీల్చెనని వినిన వెంటనే, ఆ అభ్యర్థిని నిందింపకుడు, ఓటరు రెండవ మాటను మన చట్టము ఏల వినలేదని మీ ప్రతినిధిని నిలదీసి అడుగుడు.