సముద్రాన్ని కూడా ప్యాకేజీలో కొనాలా?

ఈ మధ్య మా జూబిలీహిల్స్‌లో ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా తాంబూలంతో పాటు ఓడ కబుర్లు కూడా చేతిలో పెడుతున్నారు. ఒకప్పుడు ఊటీ, కొడైకెనాల్ అనేవారు. తర్వాత సింగపూరు, దుబాయి అన్నారు. ఇప్పుడు క్రూజు! చెన్నైలో ఎక్కామని ఒకావిడ, సింగపూరులో ఎక్కామని ఇంకొకావిడ. అన్ని అంతస్తులట, అన్ని రకాల తిండట, రాత్రి మ్యాజిక్ షో అట. సంతోషం. వినడానికి నాకేం కష్టం లేదు.

కబుర్లన్నీ అయ్యాక నేనొక్క ప్రశ్న వేస్తాను. "మరి పిల్లల్ని సముద్రపొడ్డున ఆడించారా?" అని. అప్పుడు వినాలి జవాబులు! "అబ్బే, పసివాళ్ళతో ఎక్కడికి దిగుతామండీ, మేం ఓడలోనే ఉండిపోయాం" అని ఒకరు. "వాళ్ళ టూరు బస్సులో వెళ్ళొచ్చాం, బీచి ఓ అరగంట చూపించారు" అని ఇంకొకరు. చూపించారట! సముద్రం ఏమైనా సాలార్‌జంగ్ మ్యూజియమా, తాడు ఇవతల నించుని చూసి రావడానికి? నాలుగు రోజులు నడిసముద్రంలో ఉండి, అరికాలు తడవకుండా ఇల్లు చేరిన పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది.

అంచేత నా మాట సూటిగానే చెబుతాను. ఓడ రేవులో ఆగిన రోజున పసిపిల్లల తల్లి ఓడవాళ్ళ టూరు కొనక్కర్లేదు, ఓడలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోనూ అక్కర్లేదు. తన లెక్క తను వేసుకుని, తన పిల్లల్ని తను ఒక ఒడ్డుకు తీసుకెళ్ళి, ఇసుకలో ఆడించి, వేళకి వెనక్కి తీసుకురావచ్చు. అంతేకాదు, అలాగే చెయ్యాలి కూడా.

అసలు మనకి సముద్రమంటే ఏమిటి? మన ఊరికి దగ్గర్లో ఉన్న కెరటం 300 కిలోమీటర్ల పైమాటే. 1970లలో మొదలై సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లిమెల్లిగా హైదరాబాదు వచ్చేసింది. స్టూడియోలొచ్చాయి, ల్యాబులొచ్చాయి, కొండలు పగలగొట్టి ఫిల్మ్‌నగర్ కట్టారు. మెరీనా బీచిని మాత్రం ఎవరూ లారీలో వేసుకుని తేలేకపోయారు. దాంతో ఇక్కడి పిల్లలకి సముద్రమంటే తెర మీదదే. 1978లో 'మరో చరిత్ర' వచ్చినప్పుడు విశాఖ తీరం అందరి కళ్ళలో పడింది. అప్పట్నుంచీ ఎన్ని పాటలు! నాయిక పరుగెత్తుతుంది, కొంగు ఎగురుతుంది, ఒక్క ఇసుక రేణువు అంటదు. ఆ పాటల్లో ఎవరికీ దాహం వెయ్యదు, ఎవరికీ ఒంటేలు రాదు, ఏ చంటివాడూ నిద్రకి గునియడు. సముద్రాన్ని అలా చూసి చూసి, అది పడుచుజంటలదే గాని పిల్లలతల్లిది కాదని మనమే తీర్మానించేసుకున్నాం.

ఇహ ఎదుటివారి వాదాలకి వస్తాను. మొదటిది శ్రీవారిది. "ఆడదానివి, పిల్లల్ని వేసుకుని పరాయి ఊళ్ళో ఎక్కడ తిరుగుతావు?" అని. ఇదే ఆడది పొద్దున్న బడికి పంపడం, మధ్యాహ్నం టీకాలకి తీసుకెళ్ళడం, సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర ఆ ట్రాఫిక్కులో పడి సంగీతం క్లాసునుంచి తీసుకురావడం చేస్తుంటే ఎవరికీ అనుమానం రాదు. సరదా అనేసరికి శక్తి చాలదన్నమాట! మన పెద్దవాళ్ళ కాలంలో కాకినాడ నుంచీ, విశాఖ నుంచీ రంగూనుకి స్టీమర్లు వెళ్ళేవి. బతుకుతెరువుకి వెళ్ళే కూలీల కుటుంబాల్లో ఆడవాళ్ళు చంకలో బిడ్డతో డెక్కు మీదే పడుకుని బంగాళాఖాతం దాటారు. వాళ్ళకి ఏ గైడూ జెండా పట్టుకుని ముందు నడవలేదు. వాళ్ళ మనవరాళ్ళం, ఆటో ఎక్కి బీచికి వెళ్ళి రాలేమా?

రెండో వాదం కొంచెం గట్టిది. "ఓడవాళ్ళ టూరులో వెళితే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళితే ఆగదు" అని. నిజమే, నేను కాదనను. ఆ టూరులో ఉన్న పెద్ద లాభం అదే. కాని ఆ ఒక్క లాభానికి ఏం చెల్లిస్తున్నాం? తలకింత చొప్పున డబ్బు సరే, పిల్లల రోజంతా వాళ్ళ చేతుల్లో పెడుతున్నాం. మా అక్క కూతురు ఇద్దరు చిన్నపిల్లలతో అలాంటి టూరొకటి వెళ్ళింది. బస్సులో నలభై మంది, ముందు ఒక గుడి, తర్వాత నగల దుకాణంలో గంట, తర్వాత భోజనం, చిట్టచివర మిట్టమధ్యాహ్నపు ఎండలో బీచి. పెద్దది అప్పటికే వాంతి చేసుకుంది, చిన్నవాడు నిద్రపోయాడు. లేపి ఇసుకలో దింపేసరికి ఈల వేశారు, బస్సెక్కమని! ఇది ఒక్క కంపెనీ పాపం కాదు. నలభై మందికి కుట్టిన చొక్కా రెండేళ్ళవాడికి ఎలా సరిపోతుంది?

ఓడ ఆగదన్న భయానికి మందు గడియారం. అయితే ఏ గడియారం? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సింగపూరులో ఎక్కి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కి వెళ్ళారనుకోండి. అక్కడి టైము సింగపూరు కన్నా ఒక గంట వెనక. చేతిలో ఫోను ఒడ్డు చేరగానే తనంతట తాను అక్కడి టైముకి మారిపోతుంది. ఓడ సింగపూరు టైము మీదే నడుస్తోందా, మార్చుకుందా? ఇది అడక్కుండా దిగితే, ఇంకా గంట ఉందనుకుని మీరు కొబ్బరిబొండాం తాగుతుంటే మీ ఓడ లంగరెత్తేస్తుంది. కాబట్టి దిగేముందు ఓడ గడియారం చూసి, మామూలు చేతిగడియారం ఒకటి దానికి సరిచేసి పెట్టుకోండి. అందర్నీ ఎక్కమనే గడువు ఓడ కదిలే వేళకన్నా ముందే ఉంటుంది. ఆ గడువుకి రెండు గంటల ముందు రేవు గేటు దగ్గర ఉండాలని మీకు మీరే శాసనం చేసుకోండి. రోజూ గదికి వచ్చే కార్యక్రమాల కాగితంలో సాధారణంగా ఆ రేవులో ఓడ తరఫు ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. అది మీ పర్సులో ఉండాలి. మన దేశం దాటితే పాస్‌పోర్టు సంగతి కూడా ముందే కనుక్కోవాలి. ఇంతే! ఇది రాకెట్టు శాస్త్రం కాదు, పెళ్ళివంట ముహూర్తానికి అందించే ఆడవాళ్ళకి ఇదో లెక్కా?

మూడో వాదం పక్కింటి వదినగార్లది. "ఓడలోనే ఈతకొలను ఉందిగా, మళ్ళీ సముద్రం ఎందుకు?" అని. చాలా ఓడల్లో ఇంకా లాగు తడిపే వయసు పిల్లల్ని ఆ కొలనులోకి దింపనివ్వరని ఆవిడకి తెలియదు. పైగా కొలనులో ఏముంది? ఇసుక లేదు, గవ్వ లేదు, కాలి కింద నుంచి జారిపోయే అల లేదు. బాల్చీలో నీళ్ళు పెద్దవి చేస్తే సముద్రమవుతుందా?

నాలుగోది వాదం కాదు, భయం. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. సముద్రం ప్రాణాలు తీస్తుంది. నీళ్ళలో మునిగి 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదికలో చెప్పింది. ఏడాది నుంచి నాలుగేళ్ళలోపు పిల్లల మరణాలకు కారణాల్లో అది నాలుగోదట. మన విశాఖ రామకృష్ణా బీచి ఎంత అందమైనదో అంత పొగరుబోతుది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ ఒక చోట పాయగా చేరి లోపలికి లాగేసుకుపోతాయి. ఆ చోట అలలు విరగవు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. 'ఇక్కడ నెమ్మదిగా ఉంది' అని తల్లి సరిగ్గా అక్కడే పిల్లవాణ్ణి దింపుతుంది. అదీ ప్రమాదం. ఆ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఒడ్డుకు పక్కగా ఈది దాన్ని తప్పించుకుని అప్పుడు ఒడ్డుకి రావాలి. పసివాడికి ఇది చెప్పి లాభం లేదు కనుక వాణ్ణి అంతదూరం పోనివ్వకూడదు.

కాబట్టి ఏ ఒడ్డో ముందే నిర్ణయించుకోండి. విశాఖలో ఓడ ఆగితే నా లెక్క ప్రకారం రామకృష్ణా బీచిలో పిల్లలకి నీళ్ళు కాదు, రోడ్డు పక్కనున్న సబ్‌మెరైన్ చూపించాలి. 2002లో మ్యూజియం చేసిన కుర్సురా అది. పిల్లలు దాంట్లోంచి బయటికి రామంటారు. ఇసుక ఆటకి రుషికొండ వెళ్ళండి. శుభ్రతకీ, భద్రతకీ ఇచ్చే నీలిజెండా దానికి 2020లో వచ్చింది. 2025లో నిర్వహణ బాగాలేదని కొన్నాళ్ళు ఆ జెండా వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. అంటే ఏమిటన్నమాట? జెండాని నమ్మి కళ్ళు మూసుకోకూడదు. ఫుకెట్ పడమటి తీరాల్లో మే నుంచి అక్టోబరు దాకా వానాకాలపు అలలకి ఎర్రజెండా కడతారు. ఎర్రజెండా కనబడితే బేరం లేదు, తడి ఇసుక దాకానే మన రాజ్యం. గస్తీవాళ్ళు ఎక్కడున్నారో చూసి, వాళ్ళ కళ్ళెదుటే చాప పరవండి.

అన్నిటికన్నా పెద్ద సూత్రం ఒకటుంది. నీళ్ళ దగ్గర ఒక పిల్లకి ఒక పెద్ద మనిషి. చెయ్యి చాచితే అందేంత దూరంలో. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. 'అందరం చూస్తున్నాం' అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. అరగంట మీరు, అరగంట వారు అని వాటాలు వేసుకోండి. స్వతంత్రంగా వెళ్ళడమంటే ఒంటరిగా వెళ్ళడం కాదండోయ్! శ్రీవారు గొడుగు కింద పడుకుని, మనం రెండు చేతులా ఇద్దర్ని పట్టుకుని మూడో చేత్తో ఫోటో తియ్యడం స్వాతంత్ర్యం కాదు, వంటింటిని ఒడ్డుకు తరలించడం. మీరు నిజంగా ఒక్కరే ఉండి, పిల్లలు ఇద్దరైతే, ఆ రోజు నీళ్ళు వద్దు. ఇసుకగూళ్ళు చాలు. పిల్లలకి అది తక్కువేం కాదు.

మా పేటలో ఇంకో పద్ధతి ఉంది. ఆయాని వెంట తీసుకెళతారు. కుటుంబమంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫోటోల్లో ఉంటుంది, పిల్లలు ఆయా ఒళ్ళో ఉంటారు. ఆ పిల్లకి ఈత వచ్చా? ఎవరూ అడగరు. తను కూడా సముద్రం చూడటం అదే మొదటిసారేమో! అదీ అడగరు. జీతమిచ్చాం కదా అని బిడ్డ ప్రాణాన్నీ, ఆ పిల్ల ప్రాణాన్నీ కూడా అలల ముందు నిలబెట్టడం నాకు ఘోరంగా కనిపిస్తుంది.

మిగతావి చిన్న చిన్న సంగతులు. ఓడ ఆగిన వెంటనే దిగండి, ఎండ ముదరకముందే తిరిగి బయల్దేరండి. ఒక రోజుకి ఒకే ఒడ్డు. మూడు చూడాలనుకుంటే మూడూ పాడవుతాయి. ఓడలో ఇడ్లీలు పొట్లం కట్టుకు దిగుదామంటే చాలా రేవుల్లో వండినవి ఒడ్డుకు తేనివ్వరు; సీలు తియ్యని బిస్కట్లు, నీళ్ళు పెట్టుకోండి. కొన్ని చోట్ల ఓడ గట్టుకి ఆనదు, చిన్న పడవల మీద దింపుతారు. 2025లో పుదుచ్చేరిలో అలాగే దింపారు. ఆ పడవల వరుసకి రానూ పోనూ టైము లెక్క వేసుకోవాలి. లంగరు పడేదాకా పిల్లలకి మాట ఇవ్వకండి. 2022 జూన్‌లో అదే పుదుచ్చేరికి వెళ్ళిన ఓడకి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. జనం ఊరుని దూరం నుంచి చూసి ఊరుకోవలసి వచ్చింది. పెద్దవాళ్ళం సర్దుకుంటాం, ప్లాస్టిక్ బాల్చీ పట్టుకు తయారైన మూడేళ్ళవాడికి ఎవరు చెబుతారు?

"ఇంత లెక్క వేసుకుని వెళ్ళే బదులు వెళ్ళకపోతేనేం?" అనే సోమరి ప్రశ్న ఒకటి మిగిలింది. ఇంత లెక్కా మనం రోజూ వేస్తున్నదే తల్లీ! ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో, ఎవరు ఎప్పుడు పడుకుంటారో, ఏ మందు ఏ సంచీలో ఉందో మన తలలో కాక ఎక్కడుంది? ఆ తెలివితేటలు ఇంటి చాకిరీకి పనికొచ్చినన్నాళ్ళూ అందరూ మెచ్చుకుంటారు. అదే తెలివితో మన సరదా మనం ఏర్పాటు చేసుకుంటామనేసరికి 'నీవల్ల కాదు' అంటారు. ఆ మాట నమ్మి, మన చేతిలో ఉన్న పనినే ఇంకొకడి దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.

ఓడకి టిక్కెట్టు కొనండి, తప్పులేదు. ఒడ్డుకి మాత్రం ఎవరూ టిక్కెట్టు కొట్టలేదు. మీ పిల్ల మొదటిసారి అలని చూసి భయపడి, వెనక్కి పరుగెత్తి, మళ్ళీ నవ్వుతూ ముందుకొచ్చినప్పుడు అది పట్టుకునే చెయ్యి మీదై ఉండాలి. ఈల వేసి బస్సెక్కమనేవాడెవడూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు.