పాత ట్రాక్టరు లిఫ్టు: పంపు మార్చే ముందు

దుక్కుల వేళ పాత ట్రాక్టరు లిఫ్టు జారగానే హైడ్రాలిక్ పంపు మార్పించడం సరైన పద్ధతి కాదు. అదునూ పోతుంది, డబ్బూ పోతుంది. ముందు ఆయిల్ మట్టం, ఫిల్టరు చూడాలి. నాగలిని ఎత్తి ఇంజను ఆపినప్పుడు అది త్వరగా దిగిపోతే, తొలుత అనుమానించవలసినవి పిస్టన్ సీలు, కంట్రోల్ వాల్వు. పంపు ధర ముందు సీలు ఖర్చు స్వల్పం. మాసీ ఫెర్గూసన్ 35లో పంపు హౌసింగులోని ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. లోపల కారినది బయటికి చుక్కైనా కనబడదు. చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడెక్కాక మొరాయించే లిఫ్టు సంగతి వేరు. ఆయిల్ పలుచబడి అరిగిన భాగాల సందుల్లోంచి జారిపోతుంది. అప్పుడు పంపును శంకించడం న్యాయమే. రైతు శిక్షణలో కొత్త యంత్రాల ప్రదర్శనకు ఇచ్చే సమయంలో కొంత ఈ పరీక్షకు కేటాయించాలి. విద్యార్థుల చేత చేయించేటప్పుడు మాత్రం ఎత్తిన నాగలి కిందికి ఎవరినీ పోనీయరాదు. జారుతున్నదని తెలిసిన లిఫ్టే కదా అది.