గ్రూపు మారితే ఏడాది పోయినట్టేనా?

మా నాన్న మంగళగిరిలో గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. పదో తరగతి అయ్యాక నేను లెక్కలు చదువుకుంటానన్నాను. ఇంట్లో రెండో మగ్గానికి మనిషి కరువే, అయినా ఆయన కాదనలేదు. "నీకు నాడె కంటే పలకే ఒంటబట్టిందిరా, వెళ్లు" అన్నారు. ఆ మాట పుణ్యమే నా లెక్చరర్ ఉద్యోగం.

అలాంటి తండ్రికి పుట్టిన నేను మా అబ్బాయిని ఒక్క మాటైనా అడగకుండా ఎంపీసీలో చేర్చాను. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పదో తరగతి ఫలితాలు రాకముందే కాలేజీల పీఆర్వోలు గుమ్మంలో ఉంటారు. ఫీజు రాయితీ బేరం తెగేసరికి పిల్లల గ్రూపు కూడా తేలిపోతుంది.

వాడు ఫస్టియర్‌లో ఉండగా నాన్నకు పక్షవాతం వచ్చింది. పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలన్నారు డాక్టరు. రాత్రుళ్లు అలారం పెట్టుకుని లేచింది మా అబ్బాయే. పొలమారకుండా తల ఎత్తిపట్టి, చెంచాతో జావ తాగించిందీ వాడే. నాన్న పోయాక, "బైపీసీకి మారి నర్సింగ్ చదువుతాను" అన్నాడు.

"మగపిల్లాడివి, నర్సువేంట్రా? ఏడాది పోతుంది" అన్నాను.

"తాతయ్యను చూసుకున్నన్నాళ్లూ మగపిల్లాడినని ఎవరూ అనలేదు కదా నాన్నా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న నన్ను దాటనిచ్చిన గడప దగ్గరే నా కొడుకును ఆపుతున్నానని అర్థమైంది. మర్నాడు నేనే వెంట వెళ్లి గ్రూపు మార్పించాను.

పి.వి. సింధు ఇంట్లోనూ ఇలాగే దారి మారింది. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. కూతురు బ్యాడ్మింటన్ రాకెట్ పట్టింది. తండ్రి రమణ తెల్లవారకముందే లేచి ఆమెను గచ్చిబౌలి అకాడమీకి తీసుకెళ్లేవారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమెకు వెండి పతకం వస్తే అందరం పొంగిపోయాం. మనం నేర్చుకోవలసింది ఆ తెల్లవారుజాముల నుంచి. "నీ ఇష్టం" అని వదిలేస్తే సరిపోదు, పిల్లల వెంట నడవాలి.

కాలేజీలూ మారాలి. చేర్చుకునే ముందు ఒక లెక్చరర్ ఆ పిల్లతోనో పిల్లాడితోనో పది నిమిషాలు విడిగా మాట్లాడాలి. మొదటి మూడు నెలల్లో గ్రూపు మారేవారి దగ్గర మళ్లీ ఫీజు వసూలు చేయకూడదు. వెళ్లిపోతామన్నవారి సర్టిఫికెట్లు ఆపకూడదు. ముప్పై ఏళ్లుగా తరగతి గదిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇష్టంలేని గ్రూపులో కూర్చున్న పిల్లల ముఖాలు మాకు మొదటి వారంలోనే తెలిసిపోతాయి.

మా వాడిప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. పడుగులో పోగు తెగితే నాన్న మగ్గం ఆపి అతికేవారు. ఆపకుండా నేస్తే ఆ లోపం చీర చివరిదాకా వస్తుందనేవారు. ఆగిన ఆ కాసేపటిని ఆయన ఏనాడూ వృథా అనలేదు. మా అబ్బాయి మళ్లీ మొదలుపెట్టిన ఆ ఏడాదిని నేనూ అనను.