పిల్లిమొగ్గలు వేసే దోనె

మొన్నామధ్య ఒక మిత్రుడు ఉత్తరం రాశారు. "గురువుగారూ, ఒంటితెడ్డు పడవతో నదిమీద గాలిలోకి లేచి పల్టీలు కొట్టాలని ఉంది. ఏ పడవ కొనమంటారు?" అని. ఈ విద్యలో నేను గురువును కాను. అట్లాంటాలో ఉద్యోగం చేసుకుంటూ, వీలు చిక్కిన శనివారాల్లో టెనెసీ సరిహద్దు దాటి ఓకొయీ నదికి పోయి నీళ్ళు మింగి వచ్చేవాణ్ణి మాత్రమే. అయితే పడవ ఎంపికలో చేయదగిన తప్పులన్నీ స్వంత ఖర్చుతో చేసి ఉన్నాను గనుక, ఆ అర్హతతో ఈ టపా రాస్తున్నాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. కయాక్ వేరు, కెనూ వేరు. కయాక్‌లో కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు వేస్తారు. కెనూలో మోకాళ్ళమీద కూర్చుని ఒకే రెక్క ఉన్న తెడ్డు వేస్తారు. మనకు దోనె అనే చక్కని మాట ఉండగా కెనూ అనడం నాకంతగా రుచించదు. కొల్లేటిలో తాటిమాను తొలిచిన దోనెలను గడవేసి నడిపేవాళ్ళను చిన్నతనంలో చూశాను. వాళ్ళెవరూ దోనెను గాలిలోకి ఎగరెయ్యాలని అనుకుని ఉండరు, అది వేరే సంగతి. ఈ ఆటదోనెల్లో మళ్ళీ రెండు జాతులున్నాయి. పైన మూత ఉండి, నడుము చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి నీరు లోపలికి రాకుండా చేసుకునేది సీ-1. మూత లేకుండా తెరిచి ఉండేది ఓసీ-1. ప్రపంచ పోటీల్లో రెంటికీ వేరువేరు విభాగాలున్నాయి. 45 సెకన్ల వ్యవధిలో ఎన్ని విన్యాసాలు చేయగలరన్నదే పోటీ. అదే విన్యాసంలో పడవ నీటిని విడిచి గాలిలోకి లేస్తే అదనపు మార్కులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాలిలో ఆటే మీ కోరిక అయితే మూత ఉన్న దోనె ఎంచుకోండి. దానికోసం సీ-1 అని రాసి ఉన్న పడవను వెతుక్కుంటూ తిరగవద్దు. మీ బరువుకు తగిన కయాక్ ఆటపడవ ఒకటి, వాడినదైనా సరే, కొనుక్కుని, దాని కుర్చీ ఊడబెరికి, ఫోమ్ దిమ్మతో జీను చెక్కి అమర్చుకోండి. ఆ జీను గురించి చేసే ఆలోచన పడవ గురించి చేసే ఆలోచనకన్నా ఎక్కువగా ఉండాలి.

"కయాక్‌ని కోసి దోనె అంటారేమిటి, ఇది దొంగ దోనె కాదా?" అని అడిగే శుద్ధవాదులు ఇక్కడ కూడా ఉన్నారు. వారి వాదనలో కొంత న్యాయముంది. కానీ పడవ గాలిలోకి ఎలా లేస్తుందో ఒకసారి చూస్తే ఆ పట్టుదల కొంత సడలుతుందని నా నమ్మకం.

నది బండమీదుగా దూకి, అడుగుకు పోయి, పైకి లేచి, తనమీదికి తానే వెనక్కి విరుచుకుపడే చోటు ఒకటుంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని హోల్ అంటారు. అక్కడ పడవ కొట్టుకుపోదు. ఎదురు ముఖంగా నిలబడుతుంది. నడిపేవాడు ఒంటిని ముందుకు వంచి, పడవ ముక్కును పైనుంచి జారివస్తున్న నీటిలోకి గుచ్చుతాడు. ముక్కు మునుగుతుంది. మునిగిన ముక్కు ఎన్ని లీటర్ల చోటు ఆక్రమిస్తుందో అన్ని కిలోల బలంతో నీరు దాన్ని పైకి తోస్తుంది. ఆర్కిమిడీస్ చెప్పింది ఇంతే. 60 లీటర్లు మునిగితే 60 కిలోల తోపు. సరిగ్గా ఆ తోపు వచ్చే క్షణాన మనిషి లోపల నిటారుగా లేవాలి, లేచినవాడు వెంటనే ముందుకు ముడుచుకోవాలి. పడవ నిట్టనిలువుగా లేచి, మనిషితో సహా పిల్లిమొగ్గ వేసి, మళ్ళీ అదే హోల్‌లో పడుతుంది. దీన్ని లూప్ అంటారు. తక్కిన విన్యాసాలు అనేకం దీనికి మెలికలు చేర్చినవే.

కాబట్టి చూడవలసిన మొదటి లెక్క పొడవు కాదు, ఘనపరిమాణం. నేటి ఆటపడవలు ఇంచుమించు 180 సెంటీమీటర్లే ఉంటాయి. పెద్దవాళ్ళకు పనికివచ్చేవి సుమారు 190 లీటర్లనుంచి 270 దాకా దొరుకుతాయి. ఆ లీటర్లలో ఎక్కువ భాగం మనిషి కూర్చునేచోటికి దగ్గరగా పోగుపడి ఉండాలి. మీ బరువుకు మరీ పెద్ద పడవ తీసుకుంటే ముక్కు మునగదు, మునగనిదాన్ని నీరేం తోస్తుంది? మరీ చిన్నదైతే ముక్కు సుళువుగా మునుగుతుంది గానీ మిమ్మల్ని లేపే సత్తా దానికి ఉండదు, పైగా తోక కూడా మునిగి వెనకనుంచి లాగుతుంది. తయారీదారులు ప్రతి పడవకూ ఇంతనుంచి ఇంత బరువు అని ఇస్తారు. ఆ లెక్క కాళ్ళు చాపి కూర్చునేవాడికి. మోకరిల్లేవాడి బరువు ఎత్తున ఉంటుంది, అందుచేత పడవ ఊగిసలాట ఎక్కువ. రెండు కొలతల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు నేనైతే పెద్దదానివైపే మొగ్గుతాను. చాలా చురుకైన కుర్రవాళ్ళు నా మాట వినక్కరలేదు.

ఇక మూతలేని దోనె. చూడ్డానికి దానంత అందమైనది లేదు, ఒప్పుకుంటాను. పాల్ మేసన్, మార్క్ స్క్రైవర్ అనే కెనడా దేశస్థులు ఇలాంటి దోనెలతో సెలయేటి ఆటలు ఎలా ఆడవచ్చో 1999లో ఒక పుస్తకమే రాశారు. అందులోని బొమ్మలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ అది ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవుండే సరుకు. లోపల గాలితిత్తులు ఎంత కూరినా ఒక్క పల్టీకి నీరు నిండుతుంది. లీటరు నీరంటే కిలో బరువు. 50 లీటర్లు చేరాయంటే ఇంకొక మనిషిని ఎక్కించుకున్నట్టే, ఆ మనిషి నిలకడగా కూర్చోక ఇటూ అటూ పొర్లుతుంటాడు కూడా. ఒక పల్టీ వేసి, ఒడ్డుకు చేరి, నీళ్ళు తోడుకుని, మళ్ళీ వరుసలో నిలబడే ఓర్పు ఉన్నవారికి నా నమస్కారం. వాడిన దోనె కొనదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇలాంటి దోనెలు చాలావాటికి ఆధారమైన రాయలెక్స్ అనే రేకు తయారీ 2014తో ఆగిపోయింది. దాని స్థానంలో క్విబెక్‌లోని ఎస్కిఫ్ వాళ్ళు టీ-ఫార్మెక్స్ తెచ్చారు. పాత రాయలెక్స్ దోనె దొరికితే అడుగుభాగం అరుగుదల వేలితో తడిమి చూసి మరీ బేరమాడండి.

ఇప్పుడు నా తప్పు.

ఓకొయీలో రెండవ నంబరు విద్యుత్ కేంద్రం దగ్గర హెల్ హోల్ అనే చోటుంది. పేరుకు నరకకూపమే గానీ, ఆటపడవలవాళ్ళకు తీర్థస్థలం. 1993లో ప్రపంచ పోటీలు ఇక్కడే జరిగాయి. అప్పటి పడవలు ఇప్పటి వాటికన్నా చాలా పొడుగు. ముక్కుమీద నిలబడి పైకి చిమ్ముకురావడమే నాటి ఘనకార్యం. నది నీటిని టెనెసీ వ్యాలీ అథారిటీ వాళ్ళు కాలువలోకి మళ్ళించి కరెంటు తీస్తారు, ప్రకటించిన రోజుల్లోనే నదిలోకి వదులుతారు. అంచేత నీళ్ళున్న రోజున అక్కడ తిరనాళ్ళే. పైన వంతెనమీద జనం నిలబడి చూస్తుంటారు.

పడవ కొనేటప్పుడు అమ్మే కుర్రవాడు నా బరువు అడిగాడు. నిజం 84 కిలోలు. నేను 75 అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. పక్కన మా ఆవిడ ఉంది, బహుశా అదే కారణం. ఆమె నవ్వాపుకుని, "ఏమండీ, పడవకు అబద్ధం చెబితే అది మునిగి నిజం చెబుతుందేమో చూసుకోండి" అంది. చిన్న పడవ కొన్నాను. ఇంటికి తెచ్చి, యూట్యూబులో ఎవరో కుర్రవాడు చేసింది చూసి, కుర్చీ తీసి జీను అతికించాను. మోకాళ్ళను కిందికి పట్టి ఉంచే పట్టీల బకిల్ తొడకు ఒరుసుకుంటోందని, దానిమీద కూడా ఒక ఫోమ్ ముక్క అతికించాను. చాలా ముచ్చటగా కుదిరిందని నాలుగు ఫోటోలు కూడా తీసుకున్నాను.

హెల్ హోల్‌లో మూడవ ప్రయత్నంలో ముక్కు గుచ్చాను. ముక్కు మునిగింది, తోక కూడా మునిగింది, పడవ లేవలేదు, పక్కకు తిరగబడింది. తెడ్డు ఊతంతో తిప్పుకుని లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాను. ఒంటితెడ్డు వాడికి లేచేవైపు ఒకటే, హోల్ ఆ వైపునుంచే నొక్కుతోంది. సరే, బయటపడదామని రబ్బరు గుడ్డ లాగేశాను. పట్టీ వదిలించబోతే బకిల్ చేతికి తగలలేదు. నేనే కప్పెట్టాను కదా! తలకిందులుగా, చీకటిలో, చేత్తో ఫోమ్ ముక్క అంచు వెతుకుతూ ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. తరువాత మా అమ్మాయి వంతెనమీదనుంచి తీసిన వీడియో చూస్తే పదకొండు సెకన్లు. ఆ వీడియో చివర్లో తెర ఊగిపోతుంది, "నాన్నా" అన్న కేక వినిపిస్తుంది, పడవ కనిపించదు. రెండవసారి నేను దాన్ని చూడలేదు.

అందుకే జీను గురించి ఇంత చెబుతున్నాను. పట్టీని వదిలించే కొస కళ్ళు మూసుకుని, ఎడమచేత్తోనూ కుడిచేత్తోనూ, ఒక్క లాగుతో రావాలి. పొడినేలమీద పడవను బోర్లించి, పక్కన మనిషిని పెట్టుకుని, అది పదిసార్లు చేసి చూసినదాకా నదికి పోవద్దు. జీను ఎత్తు పెరిగితే చీలమండలకు సుఖం, పడవకు అస్థిరత. తగ్గితే దానికి విరుద్ధం. వజ్రాసనంలో పావుగంట కూర్చోలేనివారు ఎత్తు పెంచక తప్పదు, అలాంటివారికి పడవ కూడా కాస్త పెద్దదే కావాలి. మరొక చిక్కు: కయాక్‌లో చాపిన కాళ్ళ బరువు ముక్కువైపు పడుతుంది. మోకరిల్లితే ఆ బరువు తొడల కిందికి మడిచిపోతుంది. అందుచేత జీనును పాత కుర్చీకన్నా ముందుకు జరపాలి, లేకపోతే పడవ తోకమీద కూర్చుంటుంది. ఎంత ముందుకన్నది ఒంటినిబట్టి మారుతుంది. మొదట అతికించకుండా గుడ్డలూ దిమ్మలూ ఎగదోసి చెరువులో తేలించి చూసుకుని, నీటిమట్టం ముక్కుకూ తోకకూ సమంగా ఉన్నప్పుడు గీత గీసుకుని అప్పుడు జిగురు పూయాలి. జిగురు నేను ముందే పూశాను.

పడవ కొనడానికి పోయేటప్పుడు నదిలో వేసుకునే బూట్లు పట్టుకుపొండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మడమలు వెనక్కి తిప్పి మడిచిన కాలు, మందపాటి అట్ట ఉన్న బూటుతో, ఆ కురచ మూత కింద ఇరుక్కుంటే బయటికి రాదు. నేను ఇప్పుడు అడుగు పలచగా, లేసులు లేని రకం వాడుతున్నాను. ప్లాస్టిక్ పడవా, కార్బన్ పడవా అని కూడా అడిగారు మిత్రులు. ప్లాస్టిక్‌దే కొనండి. నాలుగైదు కిలోల బరువు తేడా గాలిలో తెలుస్తుందనేది నిజమే, కానీ ఓకొయీ బండలు ఆ తేడా ఎరగవు, కార్బన్ మరమ్మత్తుకయ్యే ఖర్చు బ్యాంకు ఖాతా ఎరుగుతుంది. తరువాత ఎప్పుడైనా పోటీలకు పోయేమాటైతే చూసుకోవచ్చు.

నేను ఆ తరువాత ఒక కొలత పెద్ద పడవ, వాడినది, కొన్నాను. ఈసారి బరువు నిజమే చెప్పాను, మా ఆవిడను వెంట తీసుకుపోలేదు. నాకింకా లూప్ పూర్తిగా రాలేదు. నిలువునా లేస్తోంది, ముడుచుకోవడంలో ఆలస్యం చేస్తున్నాను.

చిన్న పడవను అమ్మేద్దామనుకుంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. బకిల్‌మీది ఫోమ్ తానే చెక్కేసింది, ఎర్రటి తాడు ఒకటి కొసకు కట్టుకుంది. దాని బరువు 57 కిలోలు. పోయిన సెప్టెంబరులో హెల్ హోల్‌లో రెండు లూపులు వేసింది, రెండవది కాస్త వంకర. ఈసారి వంతెనమీద కెమెరా పట్టుకుని నిలబడినవాణ్ణి నేను.